ముగ్గు పడని వాకిలి

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు తరిగొప్పులలో కొండల్ రెడ్డి పటేలు ఇంట్లో వేసుకున్న ఏర్పాటులో ఎంత వెతికినా లొసుగు దొరకదు. పదింటికల్లా కారు బాగవుతుంది. పదకొండింటికి బయలుదేరుతారు. రెండింటికల్లా హనుమకొండ చేరి పటేలు భార్య కమలాదేవిని దవాఖానలో చేర్పిస్తారు. ఆమె కడుపులో గడ్డ ఉంది. దాన్ని కోసే పెద్ద డాక్టరు హైదరాబాదు నుంచి నెలకొక్కసారి వస్తాడు, శనివారం కోస్తాడు, పోతాడు. శుక్రవారం రెండు దాటితే పేరు రాసుకోరు. మళ్ళీ నెల ఆగాలి. "గడ్డ ఆగుతది పటేలా, మనిషి ఆగదు" అని జనగామ డాక్టరు ముఖం పక్కకు తిప్పుకొని చెప్పాడు.

బస్సులో కూర్చునే ఓపిక కమలాదేవికి లేదు, పడుకోబెట్టి తీసుకుపోవాలి. ఊళ్ళో ఉన్నది ఒక్కటే కారు, పటేలు గారి పాత అంబాసిడర్. దాని ముందు అద్దం మీద అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో తగిలిన రాయి దెబ్బ పదేళ్ళుగా సాలెగూడులా మెరుస్తోంది. నెల రోజులుగా దానికీ ఒక జబ్బు పట్టుకుంది. తెల్లవారేసరికి కింద అరచేయంత నల్లటి నూనె మరక. అరచేయి పళ్ళెమైంది, పళ్ళెం చాటైంది.

జనగామ మెకానిక్ చుట్టాల పెళ్ళికి పోయాడు, ఆదివారం దాకా రాడు. "నేను చేస్త" అని కొడుకు నిరంజన్ చొక్కా విప్పాడు. అతను జనగామ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు.

"నీకెట్లొస్తదిరా?" అన్నాడు కొండల్ రెడ్డి.

"బాపూ, లీకంటె ఏంది? ద్రవం, పీడనం, రంధ్రం. గీ మూడు ముచ్చట్లు నేను పిల్లలకు రోజూ చెప్తున్న."

"చెప్పుడు వేరు, విప్పుడు వేరు కొడుకా" అని కొండల్ రెడ్డి తువాల తలకు చుట్టుకున్నాడు. "బావికాడ కూలోళ్ళకు పని చూపిచ్చి పదింటికల్లా ఒస్త. గప్పటిదాంక అది కారులెక్కనే ఉండాలె, సూడు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇంత కష్టం పెట్టుకొని మనసులో ఇంత సంతోషమేమిటని కోడలు శకుంతలకు సిగ్గుగా ఉంది. ఏం చేస్తుంది? పెళ్ళై మూడు నెలలు. నెల్లికుదురులో పుట్టి, హనుమకొండలో బి.ఏ. చదివింది కానీ పానాలకు నంబర్లుంటాయని ఆ చదువులో ఎవరూ చెప్పలేదు. కారు కింద నుంచి చెయ్యి చాపి "పన్నెండు నంబరు" అని భర్త అడిగితే, ఆ పానా వెతికి అరచేతిలో పెట్టడం, పెట్టిన వేళ్ళు అక్కడ అవసరానికి మించి ఒక్క క్షణం ఆగడం, ఇవన్నీ ఆమెకు పండుగలాగే ఉన్నాయి. భర్త ముక్కు మీద అంటిన నల్లటి మరకను కూడా తుడవబుద్ధి కాలేదు.

"వాకిలి తడుపకు" అన్నాడు నిరంజన్. "నేల పొడిగ ఉంటెనే సుక్క ఏడ పడుతదో తెలుస్తది."

అందుకని కోడలు ఆ పొద్దు పేడనీళ్ళ సానిపి చల్లలేదు. సానిపి లేని వాకిట్లో ముగ్గెలా వేస్తుంది? ముగ్గుపిండి గిన్నెను నిరంజనే అడిగి తీసుకున్నాడు. ఇంజను అడుగున తుడిచి పిండి చల్లితే, కారే చోట తడిసి పట్టిస్తుందన్నది అతని శాస్త్రం.

"ఇంజనుకు ముగ్గేసే మొగోన్ని నేనేడ సూడలే" అంటూ శకుంతల నవ్వబోయి, అత్త లేస్తుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కమలాదేవి రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగింది. తెల్లవారుజామున గోలీ మింగి, ఈగలు వాలకుండా దుప్పటి ముఖం మీదికి లాక్కొని, ఇప్పుడిప్పుడే ముందుగదిలో నిద్రపోయింది.

పావుగంటలో పిండి తడిసింది. "దొరికింది! చెంబర్ కాడ!" అని కింద నుంచి కేక వచ్చింది. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని చెంబర్ అంటారు. దానికీ ఇంజనుకూ నడుమ ఉండే ప్యాకింగ్ అట్ట చివికిపోయిందని నిరంజన్ తేల్చాడు. జాకీ పెట్టి కారు ముందు భాగాన్ని లేపాడు. ఆ జాకీ మీద నమ్మకం లేక రెండు తుమ్మ దుంగలు ఆసరాగా దూర్చాడు. పాత నూనె వంపి, బోల్టులు విప్పి, చెంబర్‌ను కిందికి దించాడు. కొత్త నూనె డబ్బాలో తుప్పు కనిపించేసరికి, పాత చీర గుడ్డలో వడగట్టి ఇత్తడి బిందెలో పోయించాడు. చెంబర్ కడగడానికి సోడా వేసిన వేడినీళ్ళు కావాలన్నాడు. ఆ జిడ్డు పని వంటింట్లో ఎలా చేస్తారు? శకుంతల వాకిట్లోనే మూడు రాళ్ళు పెట్టి కాగు ఎక్కించింది. కట్టెలు మంచుకు తడిసి ఉన్నాయి. మంట తక్కువ, పొగ ఎక్కువ. శుక్రవారపు తలస్నానం చేసి వెంట్రుకలు విరబోసుకున్న శకుంతల, ఊదుతూ ఊదుతూ కళ్ళనీళ్ళు కొంగుతో తుడుచుకుంటోంది.

సరిగ్గా అప్పుడే అండాలు వీధి మలుపు తిరిగింది.

పటేలు గారి బర్రె వట్టిపోయినప్పటి నుంచి ఆ ఇంటికి పాలు పోసేది అండాలే. ఆమె మలుపులోనే ఆగిపోయింది. సానిపి లేదు. ముగ్గు లేదు. వాకిట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళు కాగుతున్నాయి. శవానికి పోసే స్నానపు నీళ్ళు తప్ప వాకిట్లో నీళ్ళు కాచడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. కొత్త కోడలు జుట్టు విరబోసుకొని కళ్ళు తుడుచుకుంటోంది. కొడుకైతే దుఃఖం పట్టలేక కారు కింద పడి పొర్లుతున్నాడు. రెండు కాళ్ళే కనిపిస్తున్నాయి.

ఇంత కనిపిస్తుంటే ఇంక అడగడానికేముంది? చావింటికి పోయి "చావయిందా?" అని అడిగే మర్యాద లేనివాళ్ళు తరిగొప్పులలో లేరు. చావింట్లో పాలు కూడా పోయరు. అండాలు చెంబుతో సహా వెనక్కి తిరిగి, ఇంటికి పోయి మొగుడు ఐలయ్యకు చెప్పింది.

"కమలమ్మ పటేలమ్మ పోయిందయ్యా!"

"అయ్యో! ఇయ్యాల దవాఖానకు తీస్కపోతమన్నరు గదనే."

"గంతే రాసిపెట్టుంది."

ఐలయ్య మంచివాడు. ఊళ్ళో ఎవరు పోయినా కట్టెల దగ్గర నుంచి కాటి దాకా తన భుజం మీద వేసుకునేవాడు. ఎనిమిదిన్నర బస్సు కదులుతుంటే పరుగెత్తుకుపోయి కండక్టరును పట్టుకున్నాడు. "అన్నా, జనగామ టేషన్ కాడ ఎరువుల దుకాణం జగపతి పటేలు లేడూ? గాయన అక్క పోయిందని చెప్పు. నీకు పుణ్యముంటది." కండక్టరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఐలయ్య ఒక మనిషిని కొండల్ రెడ్డి బావి దగ్గరికి పంపాడు. ఇంటికి మాత్రం ఎవర్నీ పంపలేదు. ఇంట్లోవాళ్ళకు తెలియని సంగతా అది?

ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు వెనక వరండాలో ప్యాకింగ్ కత్తిరిస్తున్నారు. చెంబర్ అంచుకు సరిపడే దళసరి అట్ట ఊళ్ళో దొరకలేదు. చివరికి శకుంతలకే తట్టింది. పంచగా మిగిలిన తమ పెళ్ళిపత్రికలు అటక మీద కట్టకట్టి ఉన్నాయి. మూడేసి కలిపి అంటిస్తే బ్రహ్మాండమైన అట్ట.

"బోల్టు రంధ్రం నీ పేరు మీద పడుతుంది, సూడు" అన్నాడు నిరంజన్.

"నా పేరుకెందుకు పొడుస్తరు? మీ పేరు పక్కకే ఉంది గద."

"నా పేరు కింద ఎం.ఎస్సీ. అని ఉన్నది. దాన్ని కత్తిరిస్తె కారు నా మాట ఇంటదా?"

ఇద్దరూ నోళ్ళు మూసుకొని, భుజాలు కదిలేలా నవ్వుకుంటున్నారు. అప్పుడు వినిపించింది ముందుగదిలోంచి ఏడుపు. ఒక గొంతు కాదు, పది గొంతులు.

శకుంతల చేతిలోని కత్తెర జారిపోయింది. వరండా నుంచి ముందుగదికి ఇరవై అడుగులుంటుంది. ఆ ఇరవై అడుగుల్లో ఆమెకు ఒక్కటే తెలిసింది. అత్తమ్మ పోయింది. తాము నవ్వుకుంటుండగా, ఒక్కతే, మంచినీళ్ళు పోసే దిక్కైనా లేకుండా పోయింది. గది నిండా ఆడవాళ్ళు కూర్చొని ఏడుస్తున్నారు. మంచం మీద తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి. నిరంజన్ "అవ్వా!" అని గడపలోనే కూలబడిపోయాడు. ముట్టుకుందామని చేతులు చాపాడు, మోచేతుల దాకా నల్లటి నూనె చూసుకొని వెనక్కి తీసుకున్నాడు. శకుంతల ముందుకు దూకబోతే ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకున్నారు. "పెండ్లయి ఏడాది తిరగలే బిడ్డా, నువ్వు ముట్టద్దు." మిగిలినవాళ్ళు ముట్టుకుంటే తలమీద నీళ్ళు పోసుకోవాలి, మాఘమాసపు చలి. అలా ఆ మనిషిని ముట్టుకొని చూసినవాళ్ళు ఆ గదిలో ఒక్కరూ లేరు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టు పనిలో పడ్డారు. చావింట్లో నిలవ నీళ్ళు ఉంచరు. ఇద్దరు ముసలమ్మలు వంటింట్లో కుండలు, వాకిట్లో బిందెలు ఒక్కొక్కటే తీసుకుపోయి పెంటకుప్ప మీద వంచారు. ఇత్తడి బిందెలోనిది ఎంతకీ ధారగా కారకపోయేసరికి, "పటేలోళ్ళ ఇంట్ల నీళ్ళు గూడ చిక్కగనే ఉంటయి" అని ఒకామె అడుగున చెయ్యిపెట్టి తోడి మరీ పారబోసింది.

బయట ఐలయ్య కట్టెలు లెక్క చూస్తున్నాడు. పెద్దింటి చితికి సన్నకట్టెలేం సరిపోతాయి? అతని కన్ను కారు కింది తుమ్మ దుంగల మీద పడింది.

"జాకీ ఉండంగ గీ దుంగలెందుకురా నడుమ? గుంజుండ్రి."

గుంజారు. జాకీ ఒక క్షణం ఆలోచించి, వంగి, పక్కకు ఒరిగింది. అంబాసిడర్ ముక్కు ధభాలున నేలకు కొట్టుకుంది. కింద ఉన్న చెంబర్ అప్పడమైంది. గంట ముందు నిరంజన్ తల ఉన్న చోటు కూడా అదే. ఐలయ్య ఆ చోటును చూసి, చేతిలోని దుంగను చూసి, మెల్లగా దాన్ని కింద పెట్టాడు. ఆ దెబ్బకు ఇల్లంతా అదిరింది కానీ, శోకాలు ఆగలేదు.

లోపల అండాలు అందుకుంది. ఆమె ఏడిస్తే ఊరు ఆగి వింటుంది.

"ఓ పటేలమ్మా! పుణ్యస్త్రీవై పోతివా పటేలమ్మా! ఎంత సల్లని మనసే నీది! పాలల్ల సగం నీళ్ళు కలిపినా ఒక్కనాడు ఒక్క మాట అనకపోతివే! చేదబాయి నీళ్ళు గూడ కాదే తల్లీ, వాగుల బర్లు తాగే చెలిమె నీళ్ళాయెనే!"

అప్పుడు కొండల్ రెడ్డి వచ్చాడు. బావి దగ్గర నుంచి మైలున్నర పరుగెత్తాడు. తలకు తువాల లేదు, కాళ్ళకు చెప్పుల్లేవు. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్యను పేరు పెట్టి పిలిచి ఎరగని మనిషి, నలుగురిలో మంచం పట్టెకు తల ఆనించి పెద్దగా ఏడ్చాడు.

"కమలా! పోయిన నెలనే తీస్కపోవాలె నిన్ను. తీస్కపొమ్మని నువ్వు నోరు తెరిచి అడిగినవు. పత్తి ఏరుడు కానియ్యే అన్న. పత్తి ఆగదన్న. నిన్ను ఆగుమన్న. నీకంటె నాకు పత్తి ఎక్కువాయె, కమలా!"

నిరంజన్ గోడకు తల కొట్టుకుంటున్నాడు. శకుంతలకు కళ్ళముందు కత్తెర, పెళ్ళిపత్రికలు, తన నవ్వు మెదిలాయి. ఈ జన్మలో మళ్ళీ నవ్వనని ఆమె ఒట్టు పెట్టుకుంటూ ఉండగా, దుప్పటి కిందనుంచి ఒక నీరసపు గొంతు వచ్చింది.

"అమ్మినవా మరి పత్తి?"

సగం మంది తలుపులోంచి, సగం మంది కిటికీ వైపు పారిపోయారు. కిటికీకి చువ్వలుండడం వల్ల వాళ్ళు అక్కడే ఆగిపోయారు. కమలాదేవి దుప్పటి తీసి, గోడకు ఆనుకొని లేచి కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది కానీ కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

"అవ్వా, నువ్వు... ఎప్పుడు లేచినవే?" అన్నాడు నిరంజన్.

"కుండలు పగిలేటట్టు ఏడిస్తె ఎవలు పంటరురా? మంచిగ అంటున్నరు గద, జరసేపు ఇందమని పన్న." ఆమె చూపు గది మూలకు జరిగింది. "అండాలూ, చెలిమె నీళ్ళా? దవాఖానకెల్లి రానీ, నీతోని మాట్లాడ్త."

కొండల్ రెడ్డి కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి భార్యను చూస్తున్నాడు. ఆమె అతన్ని ఒక్కసారి చూసి, చూపు దించుకుంది. "బట్టలు సదిరి పెట్టిన. ఇగ పోదామా?" అంది.

పోదామా అంటే అందరూ వాకిట్లోకి చూశారు. అంబాసిడర్ మూతి నేలకానించి, ఊరందరికీ దండం పెడుతున్నట్టుంది. చెంబర్ అప్పడం, నూనె పెంటకుప్ప మీద. ఊరి బస్సు పోయింది, మళ్ళీ సాయంత్రానికి. నిరంజన్ చేతి గడియారం పదీ నలభై చూపిస్తోంది. ఉత్తుత్తిగా వచ్చిన చావు, ఇక తీరుబడిగా నిజం కావడానికి దారి మొత్తం చదును చేసి పెట్టి ఉంది.

"బండి కట్టుండ్రి" అన్నాడు కొండల్ రెడ్డి.

"ఎడ్లబండి మీద జనగామ చేరేసరికే పొద్దు గూకుతది బాపూ."

"అయితే ఏం జెయ్యాల్నో నువ్వే చెప్పు! ద్రవమో, పీడనమో..." అని కొండల్ రెడ్డి చెప్పుల్లేని కాళ్ళతో వాకిట్లోకి దిగాడు. శకుంతల అత్తను మెల్లగా అరుగు మీదికి తెచ్చి కూర్చోబెట్టి, పక్కన కూర్చొని ఆమె చేయి పట్టుకుంది. ఆ చేయి చల్లగా, తేలికగా ఉంది. "నేనే సానిపి చల్లకపోతి అత్తమ్మా" అని ఏడ్చేసింది. "చల్లితే ఏమైతుండె బిడ్డా, కారు ఎగురుతుండెనా?" అంది కమలాదేవి. అంటూనే కడుపు పట్టుకొని వంగిపోయింది. పెదవి కొరుక్కుంది కానీ అరవలేదు.

అంతలో వీధి మలుపులో దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి ఒక టాక్సీ వచ్చి కాగు పక్కన ఆగింది. ఎరువుల దుకాణం జగపతి, కళ్ళు ఉబ్బి, చేతిలో బారెడు బంతిపూల దండతో దిగి, "అక్కా! నన్నొక్కన్ని చేసి పోతివా అక్కా!" అని రెండడుగులు వేసి, అరుగు మీద కూర్చొని ఉన్న అక్కను చూసి అలాగే నిలబడిపోయాడు.

"బంతిపూలేనార?" అంది కమలాదేవి. "చామంతులు దొరకలేదా?"

జగపతికి నీళ్ళు తాగించి సంగతి చెప్పడానికి ముగ్గురు పట్టారు. ఈలోగా నిరంజన్ టాక్సీ దగ్గరికి పరుగెత్తాడు. డ్రైవరు చత్రు జనగామ పక్క తండావాడు. నిరంజన్ అడగక ముందే చెయ్యి అడ్డం ఊపాడు.

"ఒచ్చేటప్పుడే జగపతి పటేలుకు చెప్పిన. మనుషులను దించుడు వరకే. శవాన్ని ఎక్కిచ్చుకోను. సీట్లు మొన్ననే కుట్టిచ్చిన."

"గా శవం నేనే బిడ్డా" అంది కమలాదేవి, కోడలి భుజం పట్టుకొని మెట్లు దిగుతూ. "జర తలుపు తియ్యి."

చత్రు ఆమెను, దండను, కాగును, కట్టెల కుప్పను వరుసగా చూశాడు. వెనక తలుపు తీసి, సీటు మీద తన దుప్పటి పరిచాడు. ఆమెను పడుకోబెడుతుంటే, అతని చూపు కూలబడిన అంబాసిడర్ మీదికి పోయింది. వంగి, తెరిచి ఉన్న బానెట్ లోపలికి ఒక్క నిమిషం చూశాడు.

"గిదెవలు ఇప్పిండ్రు?"

"నేనే" అన్నాడు నిరంజన్. "చెంబర్ ప్యాకింగ్ పోయింది."

"ప్యాకింగ్ మంచిగనే ఉండె సారూ. గీడ సూడు, పైన ఫిల్టర్ కాడి పైపు పగిలింది. గా నూనె జారి చెంబర్ మీదికొస్తుంది. నూనె మీదికెల్లి కిందికి కారుతది గద సారూ, కిందికెల్లి మీదికి కారదు." చత్రు చేతులు దులుపుకున్నాడు. "గట్లనే బిగిచ్చి తోలుకపోతె రఘునాథపల్లి దాటకపోతుంటిరి. ఇంజను జామై, అవ్వను నడి తొవ్వల పెట్టుకొని కూసుంటుంటిరి."

ఫిజిక్స్ లెక్చరర్ ఆ పైపును వేలితో తడిమి చూశాడు. శకుంతల అతని ముక్కు మీది మరకను కొంగుతో తుడిచింది. ఇద్దరూ, జగపతీ ముందు సీట్లో ఇరుక్కొని కూర్చున్నారు. కొండల్ రెడ్డి వెనక, భార్య తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఊరంతా చూస్తోందన్న సంగతి కూడా అతనికి గుర్తులేదు.

రెండుకు పది నిమిషాల ముందు పేరు రాసుకున్నారు. శనివారం పొద్దున కోసి, గడ్డను గిన్నెలో తెచ్చి చూపించిన డాక్టరు, "ఇంకో పదిహేను రోజులు ఆగి తెచ్చి ఉంటే నేను కోయకుండానే పంపేవాణ్ణి" అన్నాడు. కొండల్ రెడ్డి ఆ గిన్నె వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు. అదే శనివారం సాయంత్రం, భూపాలపల్లిలో ఇచ్చిన కూతురు సరోజన, ముందురోజు జగపతి కొట్టించిన టెలిగ్రాం పట్టుకొని తరిగొప్పుల దిగింది. తాళం వేసిన ఇల్లు చూసి, ఏడవడానికి మనిషి దొరకక, అండాలు ఇంటి అరుగు మీదే ఏడ్చింది. "దవాఖానకు తీస్కపోయిండ్రమ్మా" అని అండాలు చెబితే, "సచ్చినంక దవాఖాన ఎందుకే?" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఇరవయ్యో రోజున కమలాదేవి ఇంటికి వచ్చింది. వాకిట్లో మంచం వేయించుకొని, పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ కోడలి చేత చాయ్ పోయించింది, అండాలుకు కూడా. ఐలయ్య చెయ్యి పట్టుకొని "నా కట్టెలకు మస్తు కష్టపడ్డవట గదా తమ్మీ" అంది. ఎవరు ఎంత బాగా ఏడ్చారో ఆమె ఒక్కొక్కరికీ చెప్పి మెచ్చుకుంది.

తన చావుకు రాని ఏడుగురి పేర్లు మాత్రం కమలాదేవికి ఇప్పటికీ నోటికొచ్చు.